విమానపు ఇంజనుకు సలహా చాలదు, శాసనము కావలెను

విమానము కూలిన ప్రతిసారియు దేశమున ఒకే ప్రశ్న లేచుచున్నది: దోషము యంత్రముదా, మనుష్యునిదా? 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదు నుండి లండనునకు బయలుదేరిన ఎయిర్ ఇండియా 171 విమానము, నేలను విడిచిన కొలది క్షణములలోనే రెండు ఇంజనుల శక్తిని కోల్పోయి, బి.జె. వైద్య కళాశాల వసతి భవనములపై పడి, తనయందున్న 242 మందిలో 241 మందిని, నేలపైనున్న 19 మందిని పొట్టన బెట్టుకొనిన నాటి నుండి ఆ ప్రశ్న గుజరాతునందంతటను వినవచ్చుచున్నది. తెలంగాణము నుండి వలసపోయి సూరతు మరమగ్గములపై బ్రతుకుచున్న తెలుగు నేతకుటుంబములలోను వినవచ్చుచున్నది. ప్రశ్న సహజమైనదే గాని, దానిని అడుగుచున్న తీరు మాత్రము సరియైనది కాదు. యంత్రము తనంతట తాను అలక్ష్యము వహింపదు. లోహమున పగులు పుట్టుట ప్రకృతిధర్మము కావచ్చును గాని, ఆ పగులును కనిపెట్టవలసిన నాడు కనిపెట్టకపోవుట మనుష్యకృత్యమే. కావున అడుగవలసినవి వేరు ప్రశ్నలు: ఈ భాగమును పరీక్షింపుడని ఎవరు శాసించిరి, ఎవరు పరీక్షించిరి, పరీక్షించితిమని వ్రాసినదానిని ఎవరు సరిచూచిరి? ఈ మూడింటికిని మన దేశమున దృఢమైన సమాధానము లభింపకుండుటయే అసలు ప్రమాదమని నా నిశ్చితాభిప్రాయము.

నేటి జెట్ ఇంజను మానవుడు నిర్మించిన యంత్రములలో మిక్కిలి నమ్మదగినదని ముందుగా చెప్పుట న్యాయము. రెండే ఇంజనులు గల విమానము, ఒకటి ఆగినను మిగిలినదానితో మూడు గంటల పాటు ఎగిరి ఏదో యొక రేవును చేరగలదను ధైర్యముతో సముద్రములను దాటుటకు అనుమతి పొందవలెనన్న, ఆ తరగతి ఇంజనులు గాలిలో ఆగిపోవుట వేయి గంటలకు 0.02ను, అనగా 50,000 ఇంజను గంటలకు ఒక పర్యాయమును మించరాదు. వేగము పుంజుకొన్న పిమ్మట ఒక ఇంజను ఆగినను, మిగిలినదానితో పైకి లేచి, చుట్టి వచ్చి దిగగలుగునట్లే ప్రయాణికుల విమానములను రూపొందించుచున్నారు. డీజీసీఏ అని వ్యవహరింపబడు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ సమాచార హక్కు చట్టము క్రింద వెల్లడించిన లెక్క ప్రకారము, 2020 నుండి 2025 మధ్యభాగము వరకు దేశమున 65 పర్యాయములు ఇంజనులు గాలిలో ఆగిపోగా, పైలట్లు రెండవ ఇంజనుతో విమానములను క్షేమముగా దించిరి. అయితే ఆ సంఘటనలకు చెప్పబడిన కారణములలో ఇంధనపు వడపోతలు పూడుకొనుట, ఇంధనములో నీరు చేరుట వంటివి కలవు. ఇవి దైవికములు కావు. నేలపై నున్నప్పుడు శ్రద్ధ వహించినచో నివారింపదగినవి. రెండవ ఇంజను ఉన్నదను ధీమా మొదటి ఇంజను విషయమున అలసత్వమునకు ఆస్కారమిచ్చినచో, భద్రతకై కల్పించిన ఏర్పాటే భద్రతను హరించును.

అట్టి అలసత్వపు ఫలితమును మన దేశము అర్ధశతాబ్దికి పూర్వమే చవిచూచినది. 1976 అక్టోబరు 12వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట బొంబాయి నుండి మద్రాసునకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కారవెల్ విమానమున, గాలిని నొక్కి దహనగదికి పంపు చక్రములలో ఒకటి లోహపు అలసట వలన పగిలినది, పగిలిన తునకలు ఇంజను కవచమును చీల్చుకొని వెలుపలికి వచ్చి ఇంధనపు గొట్టములను ఛేదించినవి, నిప్పు రాజుకొనినది. వెనుకకు మరలి దిగుటకు పైలట్లు యత్నించుచుండగనే విమానమును అదుపు చేయు ద్రవపీడన వ్యవస్థ కూడ నశించుటచే, రన్‌వేను చేరకమునుపే కూలి 95 మందియు మరణించిరి. లోహపు అలసట ఒక్క దినమున పుట్టునది కాదు. ప్రతి ఆరోహణమునను, ప్రతి అవరోహణమునను వెండ్రుకవాసి చొప్పున పెరుగుచు, ఎన్నియో తనిఖీల కన్నుగప్పి, తుదకొకనాడు చక్రమును రెండుగా చీల్చును. పోగు తెగిన క్షణముననే మగ్గము నాపి ముడివేయని నేతగాడు గుడ్డనంతయు చెరుపుకొనునని సూరతులోని మన పద్మశాలీలకు ఎవరును నేర్పనక్కరలేదు. విమాన నిర్వహణ యొక్క సారమంతయు ఆ జాగరూకతయందే కలదు.

అహమ్మదాబాదు ప్రమాదము కారవెల్ ప్రమాదము వంటిదని చెప్పుటకు ఆధారము లేదు. విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో 2025 జులై 12న ప్రకటించిన ప్రాథమిక నివేదిక ప్రకారము, విమానము పైకి లేచిన వెంటనే రెండు ఇంజనుల ఇంధన నియంత్రణ స్విచ్‌లు ఒక సెకను వ్యవధిలో ఒకదాని వెంట నొకటి ‘రన్’ స్థానము నుండి ‘కటాఫ్’ స్థానమునకు మారినవి. సుమారు పది సెకనుల పిమ్మట అవి యథాస్థానమునకు మరలి, ఇంజనులు తిరిగి రాజుకొనసాగినను, ఎత్తు చాలలేదు. ఇంధనమును ఏల ఆపితివని ఒక పైలట్ అడుగగా, తాను ఆపలేదని రెండవవారు బదులు పలికిరి. స్విచ్‌లు ఏ కారణమున మారినవో ఆ నివేదిక చెప్పలేదు. దాని ఆధారమున పైలట్ల నెత్తిన నేరము రుద్దుట అన్యాయము, నిర్వహణ సిబ్బందిని నిందించుటయు అంతే అన్యాయము. కాని అదే నివేదికలో, పత్రికల దృష్టి నంతగా ఆకర్షింపని యొక అంశము కలదు. ఇట్టి స్విచ్‌ల తాళపు బిగింపు కొన్ని బోయింగ్ విమానములలో ఊడియున్నదని, పరీక్షించుకొనుట మంచిదని అమెరికా విమానయాన శాఖ 2018 డిసెంబరులో ఒక సమాచార పత్రమును వెలువరించినది. అది సలహా మాత్రమే గాని విధి కాదు గనుక ఎయిర్ ఇండియా ఆ పరీక్షను జరుపలేదు. ప్రమాదము జరిగిన నెల దినములకు, 2025 జులై 14న, డీజీసీఏ అదే పరీక్షను విధిగా జరుపవలెనని ఆజ్ఞాపించగా, వారము దినములలో పని పూర్తియైనది. తన ఇతర విమానములలో ఏ లోపమును కనబడలేదని ఆ సంస్థ ప్రకటించినది. స్విచ్ లోపమే ప్రమాదకారణమని దీని వలన తేలదు. వారము దినముల పని ఆరు సంవత్సరములకు పైగా ఎవరి పనియు కాక నిలిచిపోయినదని మాత్రము తేలుచున్నది.

ఇచ్చట విమాన నిర్వహణను నడుపు ఆదేశముల తారతమ్యమును కొంత వివరింపవలసియున్నది. తయారీదారు తన అనుభవమున తెలిసిన లోపములను గూర్చి సంస్థలకు లేఖలును, సేవా పత్రములును పంపును. ప్రభుత్వ నియంత్రణ సంస్థ సమాచార పత్రముల ద్వారా హెచ్చరించును. అపాయము స్పష్టమని తోచినప్పుడు మాత్రము, ఇన్ని గంటలలోగా లేక ఇన్ని ఆరోహణములలోగా ఈ పని చేయనిచో విమానము ఎగురరాదని విధాయకమైన ఆజ్ఞ నిచ్చును. మొదటి రెండింటిని పాటించుటయు మానుటయు సంస్థ ఇష్టము. పాటింపనిచో ఎందులకు పాటింపలేదో లిఖితపూర్వకముగా సమాధానము చెప్పుకొనవలసిన కట్టుబాటు లేకపోవుటచే, సలహాకును ఆజ్ఞకును నడుమ నొక అరాజక భూమి ఏర్పడియున్నది. అమెరికాలో 2025 నవంబరు 4న లూయిస్‌విల్ నగరమున యూపీఎస్ సంస్థ సరకు విమానము పైకి లేచుచుండగనే ఎడమ ఇంజను ఊడిపడి, విమానము కూలి, సిబ్బంది ముగ్గురును నేలపైనున్న పలువురును మరణించిన ఘోరమునందును ఈ అరాజక భూమియే కనబడుచున్నది: ఇంజనును రెక్కకు పట్టియుంచు భాగమున అలసట పగుళ్లు పట్టుబడినవి, ఆ చోటనే యుండు బేరింగు చెడిపోవుచున్నదని తయారీదారు 2011లోనే లేఖ వ్రాసి, అది ప్రాణాపాయకరము కాదని తలచినట్లు దర్యాప్తులో బయటపడినది.

ఆజ్ఞ వెలువడినంత మాత్రమున పని జరుగుననియు నమ్మరాదు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వారి ఒక ఎయిర్‌బస్ విమానపు ఇంజను భాగములను ఐరోపా భద్రతా సంస్థ ఆజ్ఞ ప్రకారము గడువులోగా మార్చకపోవుటయే గాక, మార్చినట్లు లెక్కలను దిద్దిరని డీజీసీఏ 2025 మార్చిలో మందలించిన సంగతి, అహమ్మదాబాదు ప్రమాదము తరువాత జులైలో రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించుటచే లోకమునకు తెలిసినది. పొరపాటు నంగీకరించి దిద్దుకొంటిమని ఆ సంస్థ పలికినది. కాని పనిని మరచుట వేరు, మరచిన పనిని చేసినట్లు వ్రాయుట వేరు. రెండవది నిర్వహణశాస్త్రపు పునాదినే కదల్చును, ఏలయన తరువాతి ఇంజనీరు ఆ వ్రాతనే నమ్మి విమానమును పంపును. ఇందుకు భిన్నముగా, 2019 చివర ప్రాట్ అండ్ విట్నీ ఇంజనులు పలుమారులు చెడిపోవుచుండగా, ఇండిగో సంస్థ తన 97 ఎయిర్‌బస్ విమానములకును మార్చిన కొత్త తరహా ఇంజనులను బిగింపవలెనని, లేనిచో అవి ఎగురరాదని డీజీసీఏ శాసించినప్పుడు, గడువు కొంత పెరిగినను పని జరిగినది. మన నియంత్రణ సంస్థకు శక్తి లేదనుట సరి కాదు. ఆ శక్తిని ప్రమాదమునకు ముందు వినియోగించు అలవాటు తక్కువ.

దీనిపై భిన్నాభిప్రాయములు కలవు, వానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. ప్రతి సలహాను ఆజ్ఞగా మార్చినచో నిజమైన అపాయములు కాగితముల గుట్టలో మరుగునపడుననియు, అనవసరముగా విప్పి బిగించుట వలననే కొన్ని లోపములు పుట్టుననియు సంస్థల నిర్వాహకులు చెప్పుదురు. ఇందు సత్యము లేకపోలేదు. కారణము స్థిరపడకముందే పైలట్లను దోషులుగా నిలబెట్టుట యంత్రనిర్మాతకును, సంస్థకును, ప్రభుత్వమునకును సుఖమైన మార్గమని పైలట్ల సంఘముల వాదము; అందును సత్యము కలదు. వాస్తవమునకు మనుష్యుడును యంత్రమును విడదీయరాని జంట. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణమునకు హేతువైన హెలికాప్టరు ప్రమాదమును విచారించిన సంఘము, మేఘములలో చిక్కుకొని బలమైన అధోవాయువున పడుటయే కారణమని తేల్చినను, అంతకు ముందు చక్రచాలనపు నూనె పీడనమును గూర్చిన హెచ్చరిక దీపమును అర్థము చేసికొనుటకై పైలట్లు ఆరు నిమిషములకు పైగా పుస్తకమును వెదకుచుండిరని పేర్కొన్నది. యంత్రపు స్వల్పవ్యాధి మనుష్యుని దృష్టిని హరించును. దృష్టి తొలగిన మనుష్యుడు ప్రకృతికి లొంగిపోవును. ఈ గొలుసులో ఏ లంకెను నేరస్థునిగా నిర్ణయింతుము?

ఇతర దేశములు ఈ ప్రశ్నను ఎట్లు పరిష్కరించుకొనెనో చూచుట ఉచితము. 1979 మే 25న షికాగోలో డీసీ-10 విమానపు ఇంజను ఊడిపడి 273 మంది మరణించినప్పుడు, ఇంజనును దాని ఆధారస్తంభమును వేరువేరుగా విప్పవలెనన్న తయారీదారు పద్ధతిని విడిచి, విమానమునకు సుమారు 200 పని గంటలు కలిసివచ్చునని రెండింటిని కలిపి ఫోర్క్‌లిఫ్ట్ యంత్రముతో దించుచుండిరని తేలగా, అమెరికా ప్రభుత్వము ఆ తరగతి విమానములన్నింటిని దాదాపు అయిదు వారములు నేలకు దించినది. 1989లో సూ సిటీ వద్ద యునైటెడ్ విమానపు ఇంజను చక్రము పగిలి, మన కారవెల్‌యందు వలెనే ద్రవపీడనము నశించి 112 మంది మరణించినప్పుడు, తనిఖీ చేయు మనుష్యుని కన్ను అలయుననియు, అతడొక్కని చూపుపై ఇందరి ప్రాణములను ఆధారపరుపరాదనియు దర్యాప్తు సంస్థ తేల్చినది. తత్ఫలితముగా ఇంజనుల తిరుగు భాగముల తనిఖీ పద్ధతులే మారినవి. జపానులో 1985 ఆగస్టు 12న, ఏడేండ్లకు పూర్వము జరిగిన లోపభూయిష్టమైన మరమ్మతు వలన 520 మంది మరణింపగా, ఆ విమానపు శకలములను జపాన్ ఎయిర్‌లైన్స్ 2006లో ఒక భద్రతా కేంద్రమున భద్రపరచి తన ఉద్యోగులకు చూపి బోధించుచున్నది. ఈ మూడు అనుభవములకును సామాన్యమైన లక్షణ మొక్కటి కలదు: ఒక వ్యక్తిని దండించి తృప్తిపడక, ఆ వ్యక్తి తప్పు చేయుటకు వీలు కల్పించిన విధానమును మార్చుట. అమెరికాలో పైలట్లును, ఇంజనీర్లును తమ పొరపాట్లను భయము లేక తెలుపుకొనుటకు 1976 నుండి నాసా నిర్వహించుచున్న నివేదన వ్యవస్థయు ఈ తత్త్వము నుండి పుట్టినదే.

మన దేశమున ఈ తత్త్వము వేళ్లూనకుండుటకు సంస్థాగతమైన హేతువులు కలవు. డీజీసీఏకు తగినంతమంది తనిఖీ అధికారులు లేరను కారణమున అమెరికా 2014 జనవరిలో మన విమానయాన భద్రతను రెండవ శ్రేణికి దించి, కొత్త నియామకములు జరిగిన పిమ్మట 2015 ఏప్రిలులో గాని మొదటి శ్రేణి నొసగలేదు. ఆ అవమానము గడచి దశాబ్దమైనను, డీజీసీఏలో మంజూరైన సాంకేతిక పదవులలో సుమారు సగము ఖాళీగా నున్నవని పార్లమెంటు స్థాయీ సంఘము 2025లో ఆందోళన వెలిబుచ్చినది. విమానముల సంఖ్య పెరుగుచు తనిఖీ చేయువారి సంఖ్య నిలిచిపోయినచో, తనిఖీ అనునది సంతకముగా కుంచించుకొనిపోవును. డీజీసీఏకు ఆర్థిక స్వాతంత్ర్య మొసగు అథారిటీ బిల్లు 2013లో లోకసభకు వచ్చి కాలదోషము పట్టినది. 2020 సవరణ చట్టబద్ధతను ఇచ్చినదే గాని స్వాతంత్ర్యమును ఇయ్యలేదు. 1934 నాటి చట్టమునకు మారుగా 2025 జనవరి 1 నుండి అమలైన భారతీయ వాయుయాన అధినియమమును ఆ లోటును పూరింపలేదు. విమానములకు అనుమతు లొసగు సంస్థయు, ప్రమాదములను దర్యాప్తు చేయు బ్యూరోయు ఒకే మంత్రిత్వశాఖ క్రింద నుండుటచే, నియంత్రణలోని లోపమును దర్యాప్తుదారులు నిర్భయముగా వ్రాయగలరా యను సంశయము ప్రజలయందు నిలిచియే యుండును. అమెరికా తన దర్యాప్తు మండలిని 1974 నాటి చట్టముతో రవాణా శాఖ నుండి పూర్తిగా వేరుచేసినది అందులకే.

సూరతు వంటి నగరమున ఈ చర్చకు మరియొక ముఖము కలదు. 2023 డిసెంబరులో కొత్త టెర్మినల్‌తో పాటు అంతర్జాతీయ హోదా పొందిన ఆ విమానాశ్రయపు రన్‌వే పొడవు 2,905 మీటర్లు. కాని వేసు వైపున ఎత్తు పరిమితిని మించి లేచిన భవనముల వలన, ఆ దిక్కు నుండి దిగు విమానములు నేలను తాకవలసిన అంచును 600 మీటర్లకు పైగా లోనికి జరుపవలసివచ్చినది. ఆ వివాదము గుజరాత్ హైకోర్టు దాకా పోయినది. ఒక ఇంజను ఆగిన జంట ఇంజనుల విమానము నూరు మీటర్లు ముందునకు పోవునప్పటికి కనీసము 2.4 మీటర్లు పైకి లేవగలగవలెనని నియమము; చుట్టునున్న కట్టడముల ఎత్తు హద్దు మీరినచో ఆ కొద్దిపాటి ఆరోహణశక్తి చాలకపోవచ్చును. ఇంజను చెడిన విమానమునకు ఆ కట్టడములు మిగిల్చిన ఖాళీయే ప్రాణము. 2014 నవంబరు 6న ఇదే రన్‌వేపై ఢిల్లీకి బయలుదేరి పరుగు తీయుచున్న స్పైస్‌జెట్ విమానమునకు గేదె తగిలి ఎడమ ఇంజను దెబ్బతినినది. విమానము నేలను విడువకమునుపే అది జరుగుట వలన ప్రయాణికులు బ్రతికిరి. ఇంజను చక్రమును హైదరాబాదులోనో ఫ్రాన్సులోనో ఎంత నిపుణముగా సరిచేసినను, ప్రహరీని కట్టని విమానాశ్రయాధికారియు, ఎత్తును పట్టించుకొనని పురపాలకుడును ఆ శ్రమను వ్యర్థము చేయగలరు. నిర్వహణయన్నది కేవలము షెడ్డులోని పని కాదు. అది విమానాశ్రయపు గోడ వరకు, నగరపు పటము వరకు వ్యాపించియున్నది.

సౌకర్యముల విషయమున కొంత ఆశాజనకమైన మార్పు కనబడుచున్నది. విమాన మరమ్మతులపై వస్తుసేవల పన్నును 2020లో 18 శాతము నుండి 5 శాతమునకు తగ్గించిరి. 2024 జులైలో దిగుమతియగు విడిభాగములకును 5 శాతపు ఏకరూప పన్ను విధించిరి. 2025 నవంబరు 26న హైదరాబాదు విమానాశ్రయ ప్రాంగణమున సుమారు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడితో సఫ్రాన్ సంస్థ ఆరంభించిన లీప్ ఇంజనుల మరమ్మతు కేంద్రము, 2035 నాటికి ఏటా 300 ఇంజనులను చక్కదిద్దగలదని అంచనా. తెలుగు యువతీయువకులు వేయిమందికి పైగా నిపుణ వృత్తులను పొందదగిన అవకాశమిది. కాని యంత్రశాలలు పెరిగినంత మాత్రమున నిర్వహణ సంస్కృతి పెరుగదు. రాత్రియంతయు మేల్కొని పనిచేసి, తెల్లవారుజామున విమానమును విడుదల చేయవలెనను ఒత్తిడికి లోనగు ఇంజనీరు ‘ఈ విమానము నేడు ఎగురరాదు’ అని చెప్పినప్పుడు, ఆ మాటకు ఎదురులేని చెల్లుబాటు ఉండవలెను. పైలట్ల విశ్రాంతి నియమములు 2025 నవంబరులో పూర్తిగా అమలునకు వచ్చిన కొలది వారములకే, ఒక పెద్ద సంస్థ సన్నద్ధముగా లేనందున వేలాది సర్వీసులు రద్దుకాగా, ప్రభుత్వము ఆ నియమములనే సడలించినది. ప్రయాణికుల ఇక్కట్టు నిజమే. అయినను సిద్ధపడనివానికి సడలింపు లభించునను పాఠము భద్రతకు శత్రువు.

కావున చేయవలసినవి స్పష్టముగానే యున్నవి. తయారీదారులును విదేశ నియంత్రణ సంస్థలును పంపు ప్రతి భద్రతా సలహాకును, ‘చేసితిమి’ లేక ‘ఈ కారణమున చేయలేదు’ అని ప్రతి విమాన సంస్థయు నిర్ణీతమైన గడువులోగా డీజీసీఏకు వ్రాసియిచ్చి తీరవలెను. ఆ సమాధానము ప్రజలకు అందుబాటులో నుండవలెను. దీని వలన సలహాలన్నియు ఆజ్ఞలు కానక్కరలేదు గాని, ఏ సలహాయు అనాథగా మిగులదు. లెక్కలను దిద్దుట ప్రాణాపాయకరమైన నేరముగా పరిగణింపబడవలెను. పొరపాటును తానే తెలిపిన ఉద్యోగికి మాత్రము చట్టము రక్షణ నీయవలెను. డీజీసీఏ ఖాళీలను నింపుటయే గాక, విమాన సంస్థలతో సమానముగా నిపుణులను ఆకర్షింపదగిన జీతములు చెల్లించుటకు దానికి స్వతంత్రమైన ఆదాయము నొసగవలెను. ప్రమాద దర్యాప్తు బ్యూరో పౌర విమానయాన శాఖకు గాక పార్లమెంటుకు జవాబుదారి కావలెను. విమానాశ్రయముల చుట్టు ఎత్తు నియమములను అతిక్రమించిన కట్టడముల విషయమున న్యాయస్థానముల వ్యాజ్యములు ముగియువరకు నిరీక్షింపక, పురపాలక సంఘములు తమ అనుమతులకు తామే బాధ్యత వహింపవలెను.

2024 జూన్ నుండి పౌర విమానయాన శాఖను నిర్వహించుచున్న కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళము నుండి లోకసభకు ఎన్నికైన తెలుగువారు. కొత్త విమానాశ్రయములను ప్రారంభించుట ప్రతి మంత్రికిని దక్కు గౌరవము. తన శాఖ చేతిలోని అధికారమును తానే తగ్గించుకొని, దర్యాప్తు సంస్థకు స్వాతంత్ర్య మొసగుట అరుదైన గౌరవము. అట్టి చట్టమును ఆయన పార్లమెంటుకు తెచ్చునట్లు అడుగవలసినవారు, ఆయనకు ఓటు వేసినవారును వేయనివారును, విమానమెక్కు ప్రతి తెలుగువారును. కారవెల్ కూలి అర్ధశతాబ్ది గడచినను, సలహా చేరిన నాడే దానికి బాధ్యుడెవడో నిర్ణయింపని పద్ధతిని మనము మార్చుకొనకపోతిమి. ఇంకను మార్చుకొననిచో, రాబోవు దర్యాప్తు నివేదికలోను ‘అది విధి కాదు గనుక జరుపలేదు’ అను వాక్యమునే మరల చదువవలసివచ్చును.